ఆమె పలకని పేరు

కువైట్ నుంచి బయటపడ్డవాళ్లలో నా అంత చవగ్గా బయటపడినవాడు ఇంకొకడు ఉండడు. మిగతావాళ్లు కార్లు వదులుకున్నారు, నగలు వదులుకున్నారు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సామానంతా ఇంట్లోనే ఉంచి తాళం వేసి వచ్చారు. నేను ఇచ్చింది ఒక్క పేరు. అదీ నా పేరే. దాన్ని ఒకచోట, ఒకసారి, పలకకూడని క్షణంలో పలికాను. బదులుగా బస్సులో సీటు దొరికింది, ఎడారిలో గుడారం నీడ దొరికింది, విమానంలో కిటికీ పక్కన చోటు దొరికింది. బజారులో పుట్టి పెరిగినవాడు ఇంతకంటే మంచి బేరం చేయగలడా?

ఇలా మొదలుపెడితే గొప్పలు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఉండనివ్వండి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు నుంచి ఈనాటి దాకా ఈ మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. బయటికి లాగాలంటే ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి. నాకు దొరికిన పట్టు ఈ వెటకారమే. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ముఖాలు కనబడకపోతేనే నోరు పెగిలే మాటలు కొన్ని ఉంటాయి.

ముందు నేనెలాంటి సరుకునో చెప్పాలి.

మాది ప్రొద్దుటూరు. నాన్నది మిరపకాయలు, చింతపండు అమ్మే దుకాణం. మా వీధంతా దుకాణాలే. మా ఇళ్లలో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. అన్నం తినమని అమ్మ బతిమాలితే, తింటే ఏమిస్తావని అడిగేవాణ్ణి. ఇంగ్లీషు వస్తుందని నాన్న నన్ను మిషన్ వాళ్ల బోర్డింగ్ స్కూల్లో వేశాడు. అక్కడ ఒక ముసలి ఫాదరు ఉండేవాడు. లాటిన్ నేర్చుకునే పిల్లలు దొరక్క దిగులుగా తిరిగేవాడు. ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. ఆటసామాను గది తాళంచెవి నాకిస్తే, రోజూ లాటిన్ పాఠానికి వచ్చి కూర్చుంటాను. అలా నాకు ఆటలూ వచ్చాయి, లాటినూ వచ్చింది. రెండూ సగం సగమే.

ఆ సగాలు పట్టుకునే కువైట్‌లో ఉద్యోగం సంపాదించాను. అర్దియా అంచున ఇంగ్లీషువాళ్లు నడిపే బోర్డింగ్ స్కూలొకటి ఉండేది. దూరంగా ఎడారి క్యాంపుల్లో పనిచేసే పెద్ద ఉద్యోగుల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవాళ్లు. ఆటల మాస్టారు కావాలంటే వెళ్లాను. బయట బెంచీ మీద నాకంటే పొడుగైనవాళ్లు, నాకంటే కండలున్నవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆటల లెక్కన చూస్తే నాకు ఆ పని రాదు. కూర్చున్నవాణ్ణి గోడ మీది టైంటేబుల్ చదివాను. లాటిన్ అని రాసి ఉన్న గళ్లలో టీచరు పేరు లేదు. లోపలికి పిలిచాక హెడ్‌మాస్టరు దొరతో చెప్పాను: ఆటల మాస్టారుగా నన్ను తీసుకుంటే లాటిన్ కొసరుగా ఇస్తానని. ఆయన నవ్వాడు. నవ్విన కొనుగోలుదారు లేచిపోడని మా నాన్న దుకాణంలో చూసి నేర్చుకున్నదే.

పొద్దున లాటిన్, సాయంత్రం మైదానం. విభక్తులన్నీ ఎక్కాల రాగంలో చెప్పించేవాణ్ణి. లాటిన్ మొదటి ఏడాది పుస్తకంలో వాక్యాలన్నీ రైతుల గురించే. రైతు పొలం దున్నుతున్నాడు. రైతు భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నావికుడు రైతు భార్యకు గులాబీలు ఇస్తున్నాడు. మధ్యలో ఈ నావికుడికి ఏం పనో ఆ పుస్తకం చెప్పదు. "ఎవరి భార్య?" అని నేను గట్టిగా అడగాలి. "రైతు భార్య సార్" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ అడిగేవాణ్ణి. ఎన్ని వందలసార్లు అడిగి ఉంటాను ఆ ప్రశ్న? అది నన్నే అడిగే రోజు వస్తుందని అనుకోలేదు.

ఆ స్కూల్లో రెడ్డెమ్మ ఆయాగా చేసేది. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. పిల్లల పడకలు సర్దడం, వంటింట్లో సాయం, జబ్బుపడ్డ పిల్లవాడి పక్కన కూర్చోవడం ఆమె పని. మాట్లాడితే కడప జిల్లా మాట. ఆ మాట వినడానికే నేను టీ వంకతో వంటింట్లోకి వెళ్లేవాణ్ణి. మా ఇద్దరిదీ ఒక జిల్లా అన్నంతవరకే చుట్టరికం. ఆమెకు నేను సార్‌ని. నా పేరేమిటో ఆమెకు తెలియదు. ఆమెకే కాదు, ఆ వంటింట్లో ఎవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆమె భర్త దేశం దక్షిణపు అంచున, వఫ్రా తోటల్లో పనివాడు. దోసకాయలు, టమేటాలు పండించే పందిళ్లలో ఉండేవాడు. వఫ్రా నుంచి మా స్కూలుకు కూరగాయల లారీ శుక్రవారం శుక్రవారం వచ్చేది. లారీ నడిపే సత్తిబాబు కోనసీమవాడు, మంచి నవ్వులాటల మనిషి. పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్, కంటబడకుండా అతను ఆమె భర్తను కూరగాయల గంపల మధ్య కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. లారీ ఖాళీ అయ్యేంతసేపే వాళ్లిద్దరి కాపురం. ఆయన వంటింటి వెనక మెట్టు మీద కూర్చునేవాడు. ఆమె అన్నం పెట్టేది. పెద్దగా మాటలుండేవి కావు. దోసపందిళ్ల మూల ఎవరికీ తెలియకుండా గోంగూర గింజలు చల్లి పెంచాడు ఆయన. ఒక సంచి గోంగూర తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేవాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "శుక్రవారం వస్తా, ఈడనే ఉండు" అనేవాడు. వేరే ఎక్కడుంటుందని? అయినా ప్రతిసారీ అనేవాడు.

రెడ్డెమ్మ భర్త పేరు పలకదు. మా వైపు ఆడవాళ్లలో ఆ కాలానికి ఇదేమీ వింత కాదు. ఆయనది దేవుడి పేరు కావడంతో ఆమె ఆ దేవుణ్ణి కూడా పేరుపెట్టి పిలవదు. కొండమీద సామీ అని మొక్కుకునేది. సత్తిబాబు ఊరుకునేవాడు కాదు.

"ఏం చెల్లెమ్మా, కొండమీద ఉండేదెవరు? పేరు చెప్తే దండం పెట్టుకుంటాను కదా."

"తెలిసే అడుగుతాండావు గదన్నా. నువ్వే చెప్పుకో."

"నాకు తెల్దమ్మా. మా కోనసీమలో కొండల్లేవు."

ఆస్పత్రిలోనో, ఉండడానికి ఇచ్చే అనుమతి, ఇఖామా, పనిమీద ఆఫీసులోనో భర్త పేరు అడిగితే, పక్కన తెలిసినవాళ్లెవరుంటే వాళ్ల వైపు చూసేది. వాళ్లు చెప్పేవాళ్లు. అలా ఇంకొకరి నోట ఆ పేరు విన్నప్పుడు ఆమె తల వంచుకునేది. సిగ్గు అనుకునేవాణ్ణి. కాదు. అది వినడం. తాను ఎన్నడూ పలకని మాటను చెవితో తినడం. నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పేరు నేనూ ఇంకా రాయలేదని గమనించారా? కొంచెం ఆగండి. రాస్తాను.

సైన్యం వచ్చేనాటికి ఆగస్టు సెలవులు. పిల్లలు లేరు, దొరలు లేరు. మా పాస్‌పోర్టులన్నీ ఉన్న ఇనప్పెట్టె తాళం మేనేజరుతో పాటు సముద్రాల అవతల ఉంది. ఎండాకాలం శుభ్రం చేసే పనుల కోసం రెడ్డెమ్మ, ఊరికి పోతే ఖర్చని నేను, ఇద్దరం మిగిలాం. సైనికులు నా మైదానంలో బండ్లు నిలిపారు. హాస్టల్ మంచాలు ఎత్తుకుపోయారు. ఫుట్‌బాళ్లిచ్చి వంటింటిని దక్కించుకున్నాను, అది నా చివరి మర్యాదైన బేరం. ఇండియా వాళ్లం కాబట్టి మమ్మల్ని పెద్దగా కష్టపెట్టలేదు. తుపాకీ చూపించి టైము అడిగేవాళ్లు, అంతే. కానీ ఆ అంతేలోనే నేను సగం చచ్చాను. రాళ్లు పడ్డా కదలని గుండె అని పిల్లల దగ్గర కోతలు కోసిన ఆటల మాస్టారు, గేటు చప్పుడైతే బియ్యం డ్రమ్ము వెనక్కి పోయేవాడు. రెడ్డెమ్మ పోయి గేటు తీసేది.

వఫ్రా లారీ రావడం ఆగిపోయింది. ఒకే ఒక కబురు వచ్చింది, ఎవరో మనిషి చేత. తాను వచ్చేదాకా స్కూలు వదిలి కదలొద్దని, ఎట్లైనా వస్తానని. ఆ కబురు విన్నాక ఆమెకు భయం పోయింది. మెట్టు కడిగి, ముగ్గులేని ఆ దేశంలో ఆ మెట్టు మీద పిండితో చిన్న ముగ్గు వేసింది.

మా స్కూలుకు దగ్గరే ఉన్న రిగ్గైలో మనవాళ్లు కొందరు ఒక హాలు తెరిచి, ఇండియా వాళ్లను బస్సులెక్కించి ఇరాక్ మీదుగా జోర్డాన్ పంపుతున్నారని తెలిసింది. వెళ్లాను. కుటుంబాలకు ఒక వరుస, ఒంటరి మగవాళ్లకు ఒక వరుస. కుటుంబాల వరుస కదులుతోంది. మగవాళ్ల వరుస గోడ వెంట తిరిగి, వీధి మలుపు దాటి, ఎక్కడో పోయింది. మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. నేను అక్కడే ఎండలో నిలబడి లెక్క వేశాను. నాకు కావలసింది సీటు. సీటుకు కావలసింది భార్య. నా దగ్గర ఉన్నది రెడ్డెమ్మ.

అలా అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలతోనే. నా దగ్గర ఉన్నది.

నా భార్యగా చెప్పుకోమని ఆమెను అడగొచ్చా? అడిగితే చీపురు తిరగేసేది. ఆమెకు చెప్పకుండానే పని జరగాలి. ముందు ఆమె కదలాలి, ఆయన కోసం ఆగకూడదు. అందుకు ఒక్క మాట చాలు. ఆ మాట నేను దారిలోనే తయారుచేసుకున్నాను. స్కూలు చేరేసరికి అది నోట్లో సిద్ధంగా ఉంది.

వంటింట్లో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"రెడ్డెమ్మా, మీ ఆయన పొయ్యినాడంట."

ఆమె చేయి ఆగింది. "యాడికి సారూ?"

"వఫ్రా వాళ్లనందరినీ లారీల్లో ఎక్కించి పంపించినారంట. జోర్డాన్ చేరుంటారు ఈపాటికి."

"ఎవురు చెప్పినారు?"

"రిగ్గైలో వఫ్రా మనిషి కనబడినాడు. కంటితో చూసినాడంట."

"మా ఆయన్ను చూసినాడా? ఆయన్నేనా?"

"పేరు చెప్పినాడమ్మా."

ఈ మాటతో ఆమె మెత్తబడింది. అయినా చేట కింద పెట్టలేదు. "నన్నిడిసిపెట్టి పోడు సారూ ఆయప్ప. వస్తానని కబురు పెట్టినాడు."

"తుపాకీ పెట్టి ఎక్కమంటే ఎక్కకుండా ఉంటారా? అక్కడ నీ కోసం కాచుకోని ఉంటాడు. నువ్వు ఈడ, ఆయన ఆడ. ఎట్ల?"

ఆమె చాలాసేపు మెట్టు వైపు చూసింది. తర్వాత అడిగింది, "నేను పొయ్యినాక ఈడికొస్తే?"

"పొయ్యినోడు మళ్లా ఎట్లొస్తాడే" అని నవ్వాను.

నవ్వు కూడా బేరంలో భాగమే. ఆమె ఏరిన బియ్యాన్ని డబ్బాలో పోసి మూత పెట్టింది. తిరిగి వచ్చేవాళ్లు పెట్టినంత జాగ్రత్తగా.

మర్నాడు రిగ్గై హాల్లో బల్ల వెనక ఒక మలయాళీ కూర్చుని ఉన్నాడు. మంచివాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కాగితాల్లేని జనం, నోటిమాట మీదే నడుస్తోంది అంతా. ఆమె పేరు అడిగాడు, చెప్పింది. ఎక్కడ పని అని అడిగాడు, చెప్పింది. తర్వాత హిందీలో, "పతి కా నామ్?" అన్నాడు. ఆ మాట ఆమెకు తెలుసు. అలవాటు కొద్దీ నా వైపు చూసింది.

రిలే పరుగులో పిల్లలకు నేను నేర్పేది ఒకటే. నీ చోట నువ్వు నిలబడు. వెనక్కి చూడకు. చేయి వెనక్కి చాచి ఉంచు. వచ్చేవాడు కర్రను నీ చేతిలో పెడతాడు, నమ్ము. ఎన్నో ఏళ్లు అరిచి నేర్పాను. ఆమె చూపు సరిగ్గా ఆ చాచిన చేయి. ఒక పేరు పెట్టమని చాచింది. నేను అందులో నా పేరు పెట్టాను.

నాన్న పేరుతో, ఇంటిపేరుతో కలిపి, పూర్తిగా, ఇంగ్లీషువాడి దగ్గర చెప్పినట్టు గబగబా చెప్పాను. ఆయన రాసుకుని, నా ఉద్యోగం అడిగి, ఆటల మాస్టారని అదీ రాసుకున్నాడు. ఇద్దరికీ కలిపి సీట్లన్నాడు. రెడ్డెమ్మ తల వంచుకునే ఉంది.

అప్పుడైనా ఆపి ఉండవచ్చా? ఉండవచ్చు. ఆయన కలం కింద పెట్టలేదు. ఒక్కసారి దగ్గి, తప్పు చెప్పానండీ అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్ని ఏళ్లలో ఎన్నిసార్లు ఒంటరిగా కూర్చుని పైకే అన్నానో. తప్పు చెప్పానండీ. ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టదు.

ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు. అందరూ పడ్డ కష్టమే మేమూ పడ్డాం. జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. నాకూ ఆమెకూ కలిపి ఒకటి ఇచ్చారు. "నన్నేంది సారూ ఈడ వేసినారు?" అంది. ఒక జిల్లావాళ్లని కలిపి వేశారన్నాను. ఆమె నన్ను గుడారంలో ఉంచి, తాను పక్కన పిల్లల తల్లుల మధ్య పడుకుంది. రోజంతా బస్సులు దిగే చోట నిలబడేది. పేరు పలకదు కదా, దిగినవాళ్లనల్లా, "వఫ్రా వాళ్లెవరన్నా ఉండారా" అని అడిగేది. లేరనేవాళ్లు. పెదవులు పగిలి రక్తం వచ్చేది ఆ గాలికి. నేను నీడలో ఉండి చూసేవాణ్ణి. విమానానికి మా వంతు వచ్చిందని చెప్పారు. ఆమె కదలనంది. అప్పుడు రెండో అబద్ధం చెప్పాను: ఆయన ముందే విమానం ఎక్కాడని, ఇప్పుడే తెలిసిందని. మొదటిదానికంటే ఇది తేలిగ్గా వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్కన చోటు ఆమెకిస్తానని కూడా నాకు తోచలేదు.

ఇండియాలో దిగాక ఆమెను రాయచోటి బస్సెక్కించి నేను ప్రొద్దుటూరు వెళ్లిపోయాను. ఇంటి దగ్గర ఆయన లేడని ఆమెకు తెలిసే సమయానికి నేను అమ్మ చేతి అన్నం తింటున్నాను.

యుద్ధం ముగిశాక స్కూలు మళ్లీ తెరిచారు. నన్ను పిలిచారు, వెళ్లాను. మైదానంలో గోతులు పూడ్చారు. ఒక శుక్రవారం కూరగాయల లారీ వచ్చింది. పక్కనెవరూ లేరు. సత్తిబాబు ఒక్కడే దిగాడు. నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండి మేష్టారూ, కొత్త కాపురం ఎలాగుందండి? పెళ్లి బోయినం పెట్టకుండా చెక్కేశారు."

"ఏం కాపురం?"

"మాకు తెలవదనుకున్నారేటండి. మీరెళ్లిన రెండ్రోజులకి నేనూ అతనూ వచ్చేమండి ఇక్కడికి. సగం దూరం నడిచే వచ్చేం. ఎవరూ లేరు. సరే అని రిగ్గై వెళ్లి అడిగేం. రెడ్డెమ్మా, ఆటల మేష్టారి భార్య కదా, భర్తతో వెళ్లిపోయిందే అన్నాడు ఆ బల్ల దగ్గరాయన."

నేను గంపలు లెక్కపెడుతున్నట్టు లారీ వైపు తిరిగాను.

"అతను నవ్వేడండి. ఇంకెవరో రెడ్డెమ్మ అయ్యుంటాది, మళ్లీ అడగన్నా అన్నాడు. మళ్లీ అడిగేను. స్కూల్లో ఆయాగా చేసిన రెడ్డెమ్మే అన్నాడాయన. అప్పుడండి, చేతిలో సంచి నాకిచ్చేసేడు. గోంగూర. వాడిపోయింది మొత్తం. నువ్వు పో అన్నా, నేను పొయ్యి ఏం జేసేది అన్నాడు. మళ్లీ వఫ్రా వెళ్లిపోయేడు."

వఫ్రాలో ఆ తర్వాత ఏం జరిగిందో సత్తిబాబుకు కూడా తెలియదు. ఆ నేలంతా సైన్యం మందుపాతరలు పాతిపెట్టింది. యుద్ధం అయ్యాక పనివాళ్లు తిరిగి వెళ్తే ఆయన పడుకునే షెడ్డు ఉంది. ఆయన లేడు. సైనికులు పట్టుకుపోయారన్నారు కొందరు. తోటవాళ్ల మేకలు తోలుకొస్తూ మందుపాతర తొక్కాడన్నారు ఇంకొందరు. శవం చూసినవాళ్లు లేరు.

సత్తిబాబు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఆమె నా భార్య కాదు అని చెప్పాలి నేను. అది చెబితే, మరి ఆ బల్ల దగ్గర ఎందుకలా రాయించావు అంటాడు. అందుకని నేను నవ్వాను. గుట్టు బయటపడ్డ మగవాడు నవ్వినట్టు నవ్వాను. ఒక ఇల్లాలిని లేచిపోయినదాన్ని చేసి, నేను మాత్రం అసలు తప్పు కంటే చిన్న తప్పులో తలదాచుకున్నాను. అతను గంపలు దించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను మేష్టారని పిలవలేదు.

మర్నాడు మొదటి ఏడాది పిల్లల దగ్గర పుస్తకం తెరిచాను. రైతు భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పిల్లలు నా ప్రశ్న కోసం చూస్తున్నారు. అడగలేకపోయాను. పేజీ తిప్పమన్నాను. ఆ ఏడాది చివర ఆ ఉద్యోగం వదిలేశాను. ఆటల వల్ల మోకాలు పాడైందని అందరికీ చెప్పాను.

ఊరికి వచ్చాక రాయచోటి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను, ఈ మాట నమ్మండి. రెడ్డెమ్మ అక్కడ పిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేస్తోంది. నన్ను చూసి పరుగున వచ్చి, కుర్చీ తుడిచి, మజ్జిగ ఇచ్చింది. నుదుట బొట్టు, చేతులకు గాజులు. మీరు లేకపోతే నేను ఇల్లు చేరేదాన్ని కాదని పక్కనున్నవాళ్లకు చెప్పింది. మీకు చెప్పినవాళ్లే పొరబడి ఉంటారని, ఆయన అక్కడే ఉన్నాడు, పని ముగించుకుని వస్తాడంది. వఫ్రాలో మళ్లీ తోటలు వేశారంట కదా అని అడిగింది. వేశారన్నాను. పక్కవాళ్లు లేచి వెళ్లారు. ఇదే సమయం అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఆమె ముందే మాట్లాడింది.

"సారూ, ఒకటి అడుగుదామని ఎన్నాళ్లనుంచో ఉంది. ఆ పొద్దు రిగ్గైలో బల్ల కాడ మీరు పేరు చెప్తిరే. నేను చెవి పెట్టుకోని ఉంటి. ఆ పేరు ఎవరన్నా చెప్తే నాకు ఇనాలని ఉంటాది. కానీ ఆ పొద్దు నాకు ఇనపడల్యా. మీరు వేరే ఏందో చెప్పినట్టుండె."

నా ముందు ఒక తలుపు తెరిచి, పక్కకు తప్పుకుని నిలబడినట్టు ఉంది. ఆమె కళ్లల్లో కోపం లేదు. అనుమానం ఉందా? ఇప్పటికీ తెలియదు. ఒక్కసారి తల ఊపితే చాలు.

"ఇంగ్లీషులో అట్లే పలుకుతారమ్మా" అన్నాను.

"అట్లనా" అంది.

గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగే వీలు నేనివ్వలేదు. ఆ ఊరి బస్సు మళ్లీ ఎక్కలేదు.

ఇప్పుడు కూడా నేను చేస్తున్నది బేరమేనని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీ దగ్గరైతే ఖర్చు తక్కువ. రెడ్డెమ్మ ఉంది. నా మోకాలు బాగానే ఉంది, అది ఎన్నడూ చెడిపోలేదు. రాయచోటికి బస్సులున్నాయి. ఎందుకు వెళ్లవు అని అడగండి. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది కదా, ఆ ఎదురుచూపును ఎలా లాగేసుకోను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి దయలా ఉంటుంది. దాని అడుగున ఉన్నది బియ్యం డ్రమ్ము వెనక దాక్కున్నవాడే. భర్త తనను ఏమనుకుంటూ మాయమయ్యాడో తెలిసే హక్కు ఆమెకుందా, లేదా? ఉంది. ఆ హక్కు కూడా నేనే దాచుకుని కూర్చున్నాను.

సరే, బిల్లు వేస్తాను. నాన్న దగ్గర నేర్చుకున్నట్టు, కస్టమరు ఎదురుగా, తూకం కనబడేలా.

నేను కొన్నది ప్రాణం కాదు. ఇన్నాళ్లూ ప్రాణమనే చెప్పుకున్నాను. మేము వెళ్లిన కొద్ది రోజులకే ఒంటరి మగవాళ్లకూ బస్సులు దొరికాయి. ఆ గోడ వెంట నిలబడ్డవాళ్లంతా ఎండకు మాడి, తిట్టుకుంటూ, ఇళ్లకు చేరారు. నా వంతు వచ్చేది. అంటే నేను కొన్నది కొన్ని రోజుల భయం నుంచి విడుదల, అంతే. గేటు చప్పుడుకు ఉలిక్కిపడే కొన్ని రోజులు తప్పించుకున్నాను. ధర మాటకొస్తే, ఎండలో నడిచి వచ్చిన ఒక మనిషి తన భార్య మీద పెట్టుకున్న నమ్మకం. ఆయన ఎక్కకుండా వదిలేసిన బస్సు. ఆమె ఇప్పటికీ దిద్దుకునే బొట్టు. అందులో నా చేతి నుంచి పోయింది ఏదీ లేదు. ఇద్దరూ చెల్లించారు. అందులో ఒకరికి తాను చెల్లిస్తున్నానని కూడా తెలియదు. తగ్గించమని అడగను. ఇది రాసినందుకు కొంత కొట్టేయమనీ అడగను. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతవరకు నిజం.

ఒక్కటి మిగిలింది. ఆ బల్ల దగ్గర, భర్త పేరు అని ఆయన అడిగినప్పుడు, ఆమె తల వంచుకుని చెవి పెట్టుకుని నిలబడినప్పుడు, నేను చెప్పాల్సింది ఇది.

వెంకట్రమణ. వఫ్రా తోటల్లో పనిచేసే వెంకట్రమణ.